బుచ్చవ్వ పేరు మీద

సులోచన భయమంతా ఒక్కటే. సర్కారు కాగితం తేలేలోపల వినోద చచ్చిపోతుందని.

ఆ మాట ఆమె పైకి ఎవరితోనూ అనలేదు. నోటిదాకా వస్తే నాలుక కరుచుకునేది. కానీ బీడీలు చుట్టడానికి చాట ముందేసుకుని కూర్చుని, తునికాకులో జర్దా పోసిన ప్రతిసారీ ఆ మాటే వచ్చి వేళ్ళ మధ్య కూర్చునేది.

వినోదకు నాలుగు నిండి ఐదో ఏడు నడుస్తోంది. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. పది అడుగులు ఉరికితే చాలు, నేరేడు పండ్లు తిన్నదానిలా పెదవులు నల్లబడతాయి. అప్పుడు ఎక్కడున్నది అక్కడే గొంతుక్కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంటుంది. మొదట్లో అదేదో ఆట అనుకుని నవ్వుకున్నారు. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సులోచనకు తన చెంప తానే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

హైదరాబాదు పెద్ద దవాఖానలో డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. చలికాలం వచ్చి పిల్లకు ఛాతీలో నెమ్ము చేరితే ఇక చెయ్యి పెట్టలేమంది. "బీడీ కార్మికుల బీమా ఆఫీసు నుంచి మంజూరు కాగితం రానీ అమ్మా. వచ్చిన మర్నాడే తీసుకుంటం" అంది. పిల్లను వార్డులో చేర్చుకున్నారు. పిల్ల దగ్గర అత్త బుచ్చవ్వను కూర్చోబెట్టి సులోచన సిద్దిపేట వచ్చేసింది. కాగితాల పని బుచ్చవ్వకు రాదు. వారం వారం ఖార్ఖానాకు బీడీలు పోయకపోతే కార్డు పోతుంది, కార్డు పోతే బీమా పోతుంది. మగడు దామోదర్ భీవండిలో మగ్గాల మీద ఉన్నాడు. ఉత్తరం రాస్తే చేరడానికే వారం. అందుకే బిడ్డను కన్నతల్లి ఇక్కడ, నాయనమ్మ అక్కడ. మధ్యలో ఒక్కసారి మాత్రం పోయి పిల్లను చూసి వచ్చింది.

మంజూరు కాగితం కోసం ఎదురు చూస్తూనే శనివారం నాడు చుట్టిన బీడీలు పట్టుకుని ఖార్ఖానాకు పోయింది. ఆకూ జర్దా ఇచ్చి బీడీలు చుట్టించుకునే టేకేదారు దుర్గయ్య గల్లా పక్కనున్న ఆకు మూట ఎత్తి, దాని కింద నుంచి ఒక పొడుగాటి కవరు తీశాడు.

"ఇగో, మీ అత్తకు హైదరాబాద్ నుంచి ఉత్తరమొచ్చింది."

"ఎప్పుడొచ్చింది మామా?"

"ఎప్పుడో వచ్చింది. మూట కింద పడ్డది, యాదికి లేదు. ఎలుకలు కొట్టలే, సంతోషపడు."

సులోచన అక్కడే గోడకు ఆనుకుని విప్పింది. కోహెడ బళ్ళో ఏడో తరగతి దాకా చదివింది. ఎనిమిదో తరగతి పుస్తకాలు కొన్న నెలకే వాళ్ళమ్మ మంచం పట్టింది. పుస్తకాలు చెక్కపెట్టెలోకి పోయాయి, చాట ఒళ్ళోకి వచ్చింది. అయినా చదవడం మరిచిపోలేదు. మెల్లగా, పెదవులు కదుపుతూ చదివింది.

'కుమార్తె అని చూపిన బాలిక కార్డుదారు కుమార్తె కాదని దవాఖాన రికార్డు వలన తేలినందునను, మనుమరాలు కుటుంబ సభ్యుల జాబితాలోనికి రానందునను దరఖాస్తు తిరస్కరించబడినది. ఈ ఉత్తరము తేదీ నుండి ముప్పది దినములలోగా పై అధికారికి అప్పీలు చేసుకొనవచ్చును. అప్పీలు చేసినచో విచారణాధికారి నివాసమునకు వచ్చును. అంతవరకు బీడీలు చుట్టు వ్యక్తి నివాసములోనే ఉండవలెను. లేనిచో అప్పీలు కొట్టివేయబడును.'

తేదీ చూసింది. ముప్పై రోజుల్లో ఇరవై రెండు ఆకు మూట కిందే గడిచిపోయాయి.

ఆ వాడలో ఇళ్ళకు తలుపులున్నట్టే బీడీ కార్డులుంటాయి. కొత్త కార్డు దొరకడం కష్టం, పాత కార్డు వదులుకునే పిచ్చివాళ్ళు లేరు. అత్త చేతులు పోతే కోడలు చుడుతుంది. అక్క పెళ్ళయి పోతే చెల్లె చుడుతుంది. మనిషి మారుతుంది గానీ కార్డు మీద పేరు మారదు. అది దొంగతనమని ఎవరికీ తోచదు. సులోచన కాపురానికి వచ్చేనాటికే బుచ్చవ్వ వేళ్ళు కీళ్ళనొప్పులతో కొంకర్లు పోయాయి. మూడోనాడు బుచ్చవ్వ తన చాటను కోడలి ఒళ్ళోకి నెట్టి, "ఇగ నువ్వు చుట్టు బిడ్డా. పేరు నాదే ఉండనీ" అంది. ఆరేళ్ళుగా చుట్టిన ప్రతి బీడీ బుచ్చవ్వదే అయింది.

అంతవరకైతే పరవాలేకపోయేది. వినోద పుట్టాక, కార్డున్న మనిషి బిడ్డకే బీమా ఆస్పత్రిలో మందులిస్తారని తెలిసి, బీమా పుస్తకంలో బుచ్చవ్వ కూతురని రాయించారు. అందరూ చేసే పనే. పిల్లకు మాటలు రాగానే నేర్పారు కూడా. కాంపౌండర్ "మీ అమ్మ పేరేంది?" అనడం ఆలస్యం, వినోద రెండు చేతులూ కట్టుకుని గట్టిగా "బుచ్చవ్వ!" అనేది. "అబ్బో, ముసలామెకు ముద్దుల బిడ్డ" అని కాంపౌండర్ నవ్వుతూ సీసాలో ఎర్రమందు పోసిచ్చేవాడు. తలుపు బయట నిలబడి సులోచన కూడా నవ్వేది. బిడ్డ పాఠం బాగా ఒప్పజెప్పిందని.

హైదరాబాదు దవాఖానలో ఆ పాఠం ఎవరికి గుర్తుంది? పిల్లకు ఊపిరాడక నీలమెక్కుతుంటే, "తల్లెవరు? సంతకం పెట్టాలె" అని నర్సు అరిచింది. సులోచన ఉరికివచ్చి పెట్టింది. తల్లి: సులోచన. ఆ ఒక్క సంతకమే ఈ కవరులో తిరిగి వచ్చింది.

"ఏం రాసిన్రు?" అన్నాడు దుర్గయ్య.

ఆమె చెప్పింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"గింతేనా! దానికి మందున్నది నడు" అని ఆమెను వెంటబెట్టుకుని కచేరీ దగ్గర టైపుమిషను పెట్టుకున్న హరికిషన్ దగ్గరికి తీసుకుపోయాడు. హరికిషన్ అర్జీలు రాయడంలో పండిపోయిన మనిషి. సంగతంతా వినకముందే మిషనులో కాగితం ఎక్కించాడు.

"అక్కా, నీ బిడ్డను మీ అత్త సాదుకున్నది. దత్తత తీసుకున్నది. పుట్టిన పదకొండో దినమే ఇచ్చినవు. పాత తేదీ వేసి రాస్త. ఇద్దరు సాక్షుల్ని నేనే పెడత. అప్పుడు కన్నది నువ్వైనా బిడ్డ ఆమెదే. తిరస్కరించుమను చూద్దాం."

మిషను టకటకమని మోగింది. ఆ మోతకు సులోచనకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. కాగితం ఆమె ముందుకు జరిపి, సంతకం పెట్టాల్సిన చోట హరికిషన్ పెన్సిల్‌తో చుక్క పెట్టాడు. ఆమె పెన్ను అందుకుంది. 'సు' అని మొదలుపెట్టబోతూ పైకి చూసింది.

'ఇకమీదట సదరు బాలికపై నాకు గానీ నా వారసులకు గానీ ఎట్టి హక్కును లేదు.'

"అన్నా, ఆపరేషన్ నాడు తల్లి సంతకం కావాలన్నరు. ఇది చేస్తే నేను పెట్టచ్చునా?"

హరికిషన్ దుర్గయ్య వైపు చూశాడు. "మీ అత్త పెడతది."

"ఆమె వేళ్ళు పెన్ను పట్టవు."

"వేలి నిశాని వేస్తది. ఏమైంది?"

"ఇంతకు ముందు అడిగినప్పుడు నేనే తల్లినని పెట్టిన కదా. గిప్పుడు కానంటే దవాఖానోళ్ళు ఏమనుకుంటరు? ఈళ్ళు పిల్లను ఏడనుంచి తెచ్చిన్రో అనుకోరా? ఒక అబద్ధానికే బిడ్డ బీమా పోయింది. గీ అబద్ధం కూడా దొరికిపోతే ఇంకోసారి అడిగే దారుంటదా?"

"దొరకదు" అన్నాడు దుర్గయ్య.

"మొదటిది కూడా దొరకదనే అన్నవు మామా."

దుర్గయ్య ముఖం ముడుచుకుంది. "మరేం రాస్తవు? ఆరేండ్ల సంది మా అత్త పేరు మీద నేనే చుడుతున్న, టేకేదారుకు ఎరికేనని రాస్తవా? రాసి చూడు. నువ్వు మునుగుతవు, నన్ను ముంచుతవు, వాడంత మునుగుతది."

సులోచన పెన్ను బల్ల మీద పెట్టేసి లేచింది. బయట ఎండలో నిలబడి కవరులోని కాగితం మళ్ళీ విప్పింది. ఈసారి ఆమె కళ్ళు ఒక్కచోట ఆగాయి. విచారణకు వచ్చేవాళ్ళు చూడబోయేది కార్డు మీద పేరున్న మనిషిని కాదు. బీడీలు చుట్టే మనిషిని. చుట్టేది తానేనని తేలితే, బిడ్డ మనుమరాలెందుకవుతుంది? చుట్టే మనిషి కన్నబిడ్డే అవుతుంది. సర్కారు అట్లా చూస్తుందో లేదో ఆమెకు తెలియదు. కానీ పట్టుకోవడానికి అంతకంటే ఇంకేమీ దొరకలేదు.

ఇంటికి చేరేలోపలే సంగతి వాడలో పాకింది. పక్కింటి పోచవ్వ అరుగు మీద కాచుకుని కూర్చుంది. ఆమె చచ్చిపోయిన అక్క కార్డు మీద తొమ్మిదేళ్ళుగా చుడుతోంది.

"ఏందే, అందరి పేర్లు రాసిస్తున్నవంట?"

"నీ పేరెందుకు రాస్త చిన్నమ్మా? నా సంగతే రాస్త."

"నీ ఇంటికొచ్చినోడు నా ఇంట్ల తొంగి చూడడా? సచ్చినదాని పేరు మీద బతుకుతున్న నేను. ఆ కార్డు పోతే నేనెట్ల బతకాలె? నీ నోట్ల మన్నుబడ, గిదొక్కటి ఆలోచించినవా?"

సులోచన పోచవ్వ కాళ్ళ దగ్గర కూలబడింది. "చిన్నమ్మా, పిల్ల ఊపిరి నీకెరుకనే కదా. నీ అరుగు మీదనే గొంతుక్కూసుంటుండె. గడువుకు ఎనిమిదొద్దులే ఉన్నయి. నన్నేం జెయ్యమంటవో నువ్వే చెప్పు. నువ్వు వద్దంటే రాయ."

పోచవ్వ ముక్కు చీది, "నన్నెందుకు అడుగుతవే, ముండా" అని లోపలికి పోయి తలుపేసుకుంది.

సోమవారం పొద్దున్నే సులోచన మళ్ళీ ఖార్ఖానాకు పోయింది. ఆడవాళ్ళు బారులు తీరి బీడీలు పోస్తున్నారు. రాజమల్లయ్య చాప మీద కూర్చుని ఏరుతున్నాడు. వదులుగా చుట్టినవి, ఆకు చిరిగినవి తీసి పక్కన పారేయడం ఆయన పని. ముప్పై ఏళ్ళుగా అదే పని. ఆయన బొటనవేలు తాకి పోనిచ్చిన బీడీ గురించి యజమాని కూడా మళ్ళీ అడగడు.

"కాకా, చుట్టిన మనిషిని చూడకుండ బీడీ ఎవరిదో చెప్పగలవా?" అని అందరూ వింటుండగానే అడిగింది.

గల్లా దగ్గర దుర్గయ్య నవ్వాడు. "బీడీలకు కూడ ముఖాలుంటయా? రేపు అవి మాట్లాడుతయంటవు."

రాజమల్లయ్య నవ్వలేదు. "తే" అని చెయ్యి చాపాడు.

సులోచన తన కట్ట విప్పి నాలుగు బీడీలు తీసింది. ఇంకెవరివి అడగాలో తెలియక చుట్టూ చూసింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు వరసలో వెనక నుంచి పోచవ్వ వచ్చింది. ఎవరి ముఖమూ చూడకుండా తన కట్ట దారం తెంపి, పక్కామె చేతిలోది కూడా లాక్కుని, అన్నీ కలిపేసి చాప మీద పోసింది. "చెప్పు మరి, పెద్ద మొగోనివి" అంది.

రాజమల్లయ్య కళ్ళు మూసుకున్నాడు. ఒక్కో బీడీనే బొటనవేలి కింద దొర్లించాడు.

"ఇది పోచవ్వది. మొఖం లోపలికి ఎక్కువ మలుస్తది, జర్దా మిగిలించుకోనీకి."

ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. "నీ తలపండు పగుల!" అంది పోచవ్వ.

"ఇది ఆమె పక్కనామెది, ఆకు పచ్చిగుండంగనే చుట్టింది. ఇది సులోచనది. ఇది కూడ. ఇదొకటి, ఇదొకటి. ఈమె దారం ఎడమ దిక్కు నుంచి కడతది. ఈ ఊర్ల ఎవరూ అట్ల కట్టరు. కోహెడల వాళ్ళవ్వ కాడ నేర్చుకున్న చెయ్యి."

నాలుగూ సులోచనవే.

"మరి మా అత్త చుట్టిన బీడీ ఎప్పుడు చూసినవు కాకా?"

ఖార్ఖానాలో నవ్వులు ఆగిపోయాయి.

"మల్లయ్యా, నోరు జారకు" అన్నాడు దుర్గయ్య.

రాజమల్లయ్య చేతిలోని బీడీని మెల్లగా కింద పెట్టాడు. "బుచ్చవ్వ బీడీ నా చేతికొచ్చి ఆరేండ్లు దాటింది."

"అదే ముక్క కాగితం మీద రాస్త. సంతకం పెడతవా?"

ఆయన దుర్గయ్యను చూశాడు, చాపను చూశాడు. ఆయనకు ఇద్దరు మనుమరాళ్ళు. ఇంకో పని తెలియదు. "మంచి బీడీని మంచిదని, చెడ్డదాన్ని చెడ్డదని అనుడే కదా దుర్గయ్యా నా పని. గిదీ అంతే" అని, సులోచన రాసిచ్చిన కాగితం మీద వంకర అక్షరాలతో పేరు రాశాడు.

"మంచిది" అన్నాడు దుర్గయ్య. "విచారణకొచ్చినోనికి ఏం చూపిస్తవో నేనూ చూస్త. ఇయ్యాల్టి నుంచి నీ ఇంటికి ఆకు లేదు, జర్దా లేదు. ఉత్త చాట ముందట పెట్టుకొని కూసో."

ఆ దెబ్బ సులోచన ఊహించలేదు. విచారణకు వచ్చిన మనిషికి ఆమె చుడుతూ కనిపించాలి. ఆకు లేకపోతే చుట్టేది ఏముంటుంది? ఇంటికి వచ్చి ఖాళీ చాట ముందు నిజంగానే కూర్చుండిపోయింది. ఏడుపు కూడా రాలేదు. వినోద ఊపిరి లెక్క మాత్రం చెవిలో వినిపిస్తూ ఉంది. గుక్కకూ గుక్కకూ మధ్య ఆ ఆగడం, మళ్ళీ వస్తుందో రాదో అన్నట్టుండే ఆ ఆగడం.

మధ్యాహ్నం దాటాక వాకిట్లో అలికిడైంది. పోచవ్వ తడిబట్టలో చుట్టిన ఆకు కట్ట, చిన్న జర్దా పొట్లం తెచ్చి చాటలో పడేసింది.

"నా దాంట్ల సగం. పొద్దుకు పదే పది చుట్టు. ఆడొచ్చేదాక సాగదియ్యాలె. నా పేరు మాత్రం ఎత్తకు."

ఆమె వెళ్ళిపోయాక సులోచన తలుపు దగ్గరికి, వెలుతురులోకి జరిగి కూర్చుంది. పెట్టెలోంచి ఎనిమిదో తరగతి నోటుపుస్తకం తీసింది. రాయని కాగితాలు పసుపు రంగుకు తిరిగాయి. హరికిషన్ రాసే మాటలేవీ ఆమెకు రావు. వచ్చిన మాటలతోనే రాసింది. రాస్తుంటే పేరు పేరుకూ చెయ్యి ఆగింది. పోచవ్వ పేరు రాయలేదు. దుర్గయ్య పేరు రాసి, కొట్టేసి, మళ్ళీ ఆలోచించి రాయకుండానే వదిలేసింది. తన పేరు మాత్రం పెద్దగా రాసింది. మంగళవారం పోస్టాఫీసులో రిజిస్టరు చేసింది. కవరులో తాను చుట్టిన మూడు బీడీలు, రాజమల్లయ్య సంతకం పెట్టిన కాగితం, బుచ్చవ్వ కార్డు నకలు, అప్పీలు. చేరడానికి మూడు రోజులు పడుతుందని పోస్టు గుమాస్తా చెప్పాడు. గడువులో ఇంకా ఐదు రోజులున్నాయి. రసీదు రవికెలో పెట్టుకుని, విచారణాధికారి ఏ గడియలో వస్తాడోనని ఉరికినట్టే ఇంటికి వచ్చి చాట ముందు కూర్చుంది.

ఆమె రాసిన అప్పీలు ఇట్లా ముగుస్తుంది:

'అయ్యా, పుస్తకంలో వినోదను మా అత్త బిడ్డ అని రాయించింది తప్పే. ఆ తప్పు నాది, పెద్దవాళ్ళది. పిల్లది కాదు. కార్డు తీసేస్తే తీసెయ్యండి. నన్ను ఏమన్నా చెయ్యండి. ఆపరేషన్ అయినాక చెయ్యండి.

బీడీలు చుట్టేది నేనే అనడానికి మూడు బీడీలు పంపుతున్నాను. దారం ఎడమ దిక్కు నుంచి ఉంటది, చూడండి. మీ మనిషి వచ్చేదాకా ఇల్లు కదలొద్దని మీరే రాసినారు కాబట్టి నేను సిద్దిపేటలోనే ఉన్నాను. పిల్ల దగ్గర మా అత్త ఒక్కతే ఉన్నది. ఆమెకు రాయరాదు, ఫోను చెయ్యరాదు. నేను పిల్లను చూసి నేటికి పదకొండు రోజులు. ఎట్లున్నదో చెప్పేవాళ్ళు లేరు.

మీ ఆఫీసు నుంచి దవాఖాన దగ్గరేనట, నడిచి పోవచ్చునట. పిల్లల గుండె వార్డు రెండో అంతస్తులో, కిటికీ పక్క మంచం. మీరు గానీ మీ దగ్గరి వాళ్ళు గానీ ఒక్కసారి పోయి చూడండి. మా అత్త చేతిలో ఒక ఆకు పెట్టి చుట్టమనండి. ఆ వేళ్ళు చూస్తే మీకే తెలుస్తది. పిల్లను కూడా చూడండి. పెదవులు ఏ రంగున్నయో చూడండి. మీ అమ్మ పేరేందని అడిగితే అది బుచ్చవ్వ అంటది. కోపం చేయకండి, మేమే నేర్పినాము. మీ అమ్మ సులోచన, వస్తది అని దానికి చెప్పండి. చెప్పి, పిల్ల ఎట్లున్నదో ఒక్క పోస్టుకార్డు ముక్క రాయండి. మంజూరు సంగతి తర్వాత రాసినా సరే. ముందు పిల్లను చూసి రండి.'